ఏరువాక పాట: ఒకే బాణీ, నాలుగు దారులు

జ్యేష్ఠ మాసపు పున్నమిని మన పెద్దలు ఏరువాక పున్నమి అన్నారు. ఏరు అంటే ఎడ్లను పూన్చిన నాగలి. తొలకరి పడి నేల మెత్తబడగానే ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి మొదటి సాలు వేసే దినమది. దుక్కి దున్నుతూ, విత్తనం వేస్తూ పాడుకొనే పాటలను ఏరువాక పాటలన్నారు. అయితే ఆ మాట వినగానే మనలో చాలమందికి గుర్తుకు వచ్చేది పొలం కాదు, సినిమా. 1955లో విడుదలైన ‘రోజులు మారాయి’ చిత్రంలో జిక్కి పాడిన ‘ఏరువాక సాగారో’ తెలియని తెలుగు ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు.

జానపదుల గొంతు నుండి సినిమాకు వచ్చిన ఆ బాణీ అక్కడితో ఆగలేదు. తమిళానికి పోయింది, హిందీకి పోయింది. ఈ పాటలను ఒకదాని వెంట ఒకటి పెట్టుకొని విన్నాము. ఒకే బాణీ ఇన్ని నోళ్లు మారితే ఏది నిలుస్తుంది, ఏది రాలిపోతుంది? మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల కుటుంబాలకు ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఈ నెల ఆలోచిద్దాము.

పొలంలోని పాట

పొలంలో పాడే పాటకు కర్త పేరు ఉండదు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. దానికి ఇంత నిడివి అని లేదు. పని ఎంతసేపో పాట అంతసేపు. వాన రావడం, రాకపోవడం, ఎద్దు మొరాయించడం, ఆసామి పిసినారితనం, అన్నీ అప్పటికప్పుడు చరణాలైపోతాయి. ఎద్దు అడుగే ఆ పాటకు తాళం. అందుకే పొలంలోని పాటకు తొందర ఉండదు.

ఊరు మారితే మాట మారడం కూడా సహజమే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఒక ప్రక్క రాయలసీమ మాట, మరొక ప్రక్క గుంటూరు, నెల్లూరు మాట ఇక్కడ కలుస్తాయి. ఒకరు నాగలి అన్నదానిని మరొకరు మడక అంటారు, ఇంకొకరు అరక కట్టాము అంటారు. పాట కూడా ఆ ఊరి మాటనే తొడుక్కుంటుంది. కనుక పొలంలోని పాటలో ‘ఇదే అసలైనది’ అని ఒకదానిని చూపించలేము. పాడినవారందరిదీ అసలు పాటే.

వెండితెర మీద పాట

సినిమా పాట వ్రాసినవారు కొసరాజు రాఘవయ్య చౌదరి (1905–1986). బాపట్ల దగ్గరి అప్పికట్ల వారి ఊరు. 1939 నాటి ‘రైతుబిడ్డ’ చిత్రానికి కూడా పాటలు వ్రాసిన కవి గనుక రైతు మాట ఆయనకు క్రొత్త కాదు. సంగీతం మాస్టర్ వేణు, దర్శకత్వం తాపీ చాణక్య. కౌలు రైతుల కష్టాలను చూపిన ఆ చిత్రంలో ఈ పాటకు నాట్యం చేసిన అమ్మాయి వహీదా రెహమాన్. ఆ పాటతో ఆమెకు వచ్చిన పేరు హిందీ చిత్రరంగానికి దారి చూపింది.

ఈ పాటను శ్రద్ధగా వింటే అది వ్యవసాయం నేర్పే పాఠంలా ఉంటుంది. ఏమేమి పట్టుకొని పొలానికి బయలుదేరాలో మొదట చెబుతుంది: గంపలో నవధాన్యాలు, మూటలో చద్ది అన్నం, చేతిలో ముల్లుగర్ర, వెంట ఇల్లాలు. తరువాత పడమటి ఆకాశంలో వాన గుర్తులు చూపుతుంది. ఆ తరువాత నాగలి సరిచూసుకోవడం, ఎలపట దాపట ఎడ్లను కట్టడం, సాలు తప్పకుండా దున్నడం, చివరకు విత్తనం చల్లడం. వరుస ఎక్కడా తప్పదు. చివరి చరణాలలో మాత్రం కవి గొంతు మారుతుంది. పొలాలు అమ్ముకొని పట్నపు మేడలు చేరినవారిని, ఓట్లు గుంజుకొని రైతును మరచిపోయేవారిని ఎత్తిపొడుస్తాడు. నాట్యం కోసం పాట నడక వేగమైంది. మాటలలో మాత్రం పొలం ఎక్కడా తప్పిపోలేదు.

అయినా మన ప్రాంతపు రైతు చెవికి ఒక తేడా తోస్తుంది. ఆ పాటలో విత్తనాన్ని చేతితో విసిరి చల్లుతారు. సువార్తలలోని విత్తువాని ఉపమానంలో వలె. మన మెట్ట చేలలో కంది, ఆముదం, సజ్జ, జొన్న వంటివి గొర్రుతో వరుసలలో విత్తడం అలవాటు. గొర్రు వెనుక నడుస్తూ జడ్డిగంలో పిడికిలి వదులుచేసి గింజలు పోసేది ఎక్కువగా స్త్రీలే. పిడికిలి బిగిస్తే వరుసలో ఖాళీ, వదిలితే విత్తనం దండుగ. ఆ నేర్పు సినిమా పాటలో లేదు. అది మన ఊళ్ల పాటలలోనే ఉండగలదు.

తమిళంలో, హిందీలో

1956లో అదే దర్శకుడు ఆ చిత్రాన్ని తమిళంలో ‘కాలం మారిపోచ్చు’ పేరుతో తీశారు. పాడినది మళ్లీ జిక్కి, నాట్యం మళ్లీ వహీదా. అక్కడ కూడా ఇది దుక్కిపాటే. తమిళంలో కూడా నాగలిని ఏర్ అనే అంటారు గనుక మాట పెద్దగా కష్టపడకుండానే అటువైపు నడిచింది. భాష మారింది గాని పొలం మారలేదు.

1960లో హిందీలో ‘బంబయీ కా బాబూ’ వచ్చింది. దర్శకుడు రాజ్ ఖోస్లా, సంగీతం ఎస్.డి. బర్మన్, మాటలు మజ్రూహ్ సుల్తాన్‌పురీ, గొంతు ఆశా భోస్లేది. ‘దేఖ్‌నే మే భోలా హై’ అనే ఆ పాట బాణీ మన ఏరువాక బాణీయే. అయితే అందులో నాగలి లేదు, ఎడ్లు లేవు, వాన లేదు, విత్తనం లేదు. బొంబాయి నుండి వచ్చిన ఒక చక్కని పిల్లవాడిని ఆటపట్టించే పాటగా అది మారిపోయింది.

కాని ఒక్క మాట మాత్రం మారలేదు. పల్లవి చివర ‘చిన్నన్న’ అనే తెలుగు పిలుపు హిందీ పాటలో కూడా అలాగే ఉండిపోయింది. ఉత్తరాదిన ఆ పాట విని ఆనందించిన లక్షలాది మందికి అది తాళానికి సరిపోయిన ఒక చప్పుడు. మనకు మాత్రం అది ఒక వరుస, ఒక మనిషి. ఇందులో ఇంకొక విచిత్రమున్నది. ఆ కథలో నాయకుడు తప్పిపోయిన కొడుకునని చెప్పి ఒక ఇంటిలో చేరుతాడు. ఆ ఇంటి అమ్మాయి అతనిని అన్న అనే నమ్ముతుంది. కనుక అర్థం తెలియకుండా మిగిలిన ఆ పిలుపు ఆ కథకు అనుకోకుండా అతికింది!

హిందీవారు పాటను పాడుచేశారని మేము అనడం లేదు. అది వినసొంపైన పాట. బర్మన్ బెంగాలు పల్లె బాణీలను ఎంతో ప్రేమతో సినిమాకు తెచ్చినవారు. బాణీ రెక్కలున్న పిట్ట. ఎగిరిపోవడం దాని స్వభావం. మన క్రైస్తవ కీర్తనకారులు కూడ ఈ సంగతి ఎరిగినవారే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు ఇంగ్లీషు రాగాలతో తృప్తిపడక మన దేశపు రాగతాళాలలో కీర్తనలు కట్టినందువలననే అవి పల్లె సంఘాల నోట నిలిచాయి.

చిన్నన్న ఎవరు?

నాలుగింటినీ పోల్చి చూస్తే తేలేది ఇది. బాణీ ఎక్కడికైనా పోతుంది, బ్రతుకుతుంది. పిలుపు కూడా పోతుంది, అర్థం తెలియకపోయినా బ్రతుకుతుంది. పని మాత్రం వెంట పోదు. ఆ పని చేసినవారు ఉన్నచోటనే అది పాటలో ఉంటుంది.

మన ప్రాంతంలో ఆ పని ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నది? దుక్కి ట్రాక్టరుది అయింది. వానలు తప్పి, బోర్లు ఎండి, బీడుపడిన చేలు ఎన్నో. హైదరాబాదుకు, బెంగుళూరుకు పనికి పోయిన కుటుంబాలు ప్రతి సంఘంలోను ఉన్నాయి. పొలం వదిలి పట్నం పోయినవారిని 1955 నాటి పాట మేడలవారిగా చూసింది. మన చిన్నన్న పట్నం పోయింది మేడలో ఉండడానికి కాదు, ఆ మేడలకు ఇటుకలు మోయడానికి. ఈ చరణం సినిమా పాటలో లేదు. దానిని వ్రాయవలసినవారు, పాడవలసినవారు మనమే.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. మన సంఘాలలోని అనేక కుటుంబాల పెద్దలు భూమి గలవారు కారు. పాలేర్లు, కూలీలు. ఇతరుల చేలలో దున్ని, విత్తి, కలుపుతీసి, కోసినవారు. పొలం ఎవరిదైనా పాట వారిది. ఆ పాటలలో వారి ఆకలి ఉన్నది, హాస్యం ఉన్నది, ఆసామికి అర్థం కాకుండా ఆసామినే అన్న మాటలు కూడా ఉన్నాయి. రికార్డుకెక్కని ఆ చరణాలు మన అవ్వల, తాతల జ్ఞాపకంలో ఉన్నంతవరకే ఉంటాయి. సినిమా పాట ఎక్కడికీ పోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినవచ్చు. అవ్వ పాట అలా కాదు.

మనము చేయదగినది

ఇది కష్టమైన పని కాదు. ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట సెల్‌ఫోను ఉన్నది. పిల్లల సెలవులలో గాని, కోతపండుగకు బంధువులందరు కూడినప్పుడు గాని, ఇంటి పెద్దలను కూర్చోబెట్టి దుక్కి పాటలు, విత్తనాల పాటలు, కలుపు పాటలు పాడించండి. ఊరికే పాడమంటే చాలమందికి గుర్తురాదు. ‘గొర్రు వెనుక ఏమి పాడేవారు? కలుపులో ఎవరు ఎత్తుకొనేవారు?’ అని పనిని అడగండి. పనితోపాటు పాట బయటికి వస్తుంది.

పాడినవారి పేరు, ఊరు, ఏ పనికి పాడేవారో ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టండి. మాటలను దిద్దవద్దు. నాగలిని మడక అన్నారా, మడక అనే వ్రాయండి. ప్రక్క ఊరిలో అదే పాట వేరుగా పాడితే తప్పని కొట్టివేయక రెండవది కూడా వ్రాయండి. మొరటు మాటలున్నాయని సిగ్గుపడవద్దు. ఎండలో పనిచేసినవారి మాటలవి.

సినిమా పాటను కూడా ఆ సాయంకాలం వారికి వినిపించండి. ‘మేము ఇలా పాడలేదు’ అని వారు తప్పక అంటారు. అలా అన్న వెంటనే ఫోను దగ్గరగా పెట్టండి. మీరు వ్రాసుకోవలసిన పాట అప్పుడే మొదలవుతుంది.