ఊపిరి వచ్చేసింది, ఎముక ఇంకా రాలేదు

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌కు కాస్త ఇవతల ఉంది నేను పరిగెత్తే చోటు. పొద్దున్నే అక్కడ బళ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. అప్పటికి నేను మళ్లీ పరుగు మొదలుపెట్టి 19 రోజులు. కాలేజీ రోజుల్లో 800 మీటర్లు పరిగెత్తినదాన్ని. ఆ తర్వాత పెళ్లి, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు... 22 ఏళ్లు గడిచిపోయాయి. ఆ రోజు ఊపిరి బాగా ఆడుతోంది, సముద్రం మీంచి చల్లగా గాలి. ఒక్క వంద మీటర్లు పాత వేగంతో వెళ్లి చూద్దామనిపించింది. సగం దాటానో లేదో, వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టు ఎడమ పిక్కలో చురుక్కుమంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

గట్టు పట్టుకుని కూర్చుండిపోయాను. రోజూ వాకింగ్‌లో కనబడే పెద్దాయన ఒకరు ఆగారు. "ఏమ్మా, అడుగు వెయ్యగలవా? ఆటో పిలవనా?" అన్నారు. పిక్క కండరం చీలింది. ఆరు వారాలు పరుగు లేదు.

ఆ ఆరు వారాల్లో తెలుసుకున్న సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండేది. చాన్నాళ్ల తర్వాత పరిగెత్తేవాళ్లకు మొదట తిరిగొచ్చేది ఊపిరి. వ్యాయామం మొదలైన కొద్ది రోజులకే రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. మూడు వారాలయ్యేసరికి ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. మడమ వెనకుండే గట్టి తాడుకు మాత్రం రక్త ప్రసరణ తక్కువ. అది బలపడాలంటే నెలలు పడుతుంది. ఎముకా అంతే, పాతది కరిగి కొత్తది గట్టిపడాలి. పరుగులో ఒక్కో అడుగుకు ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. గుండె 'పద' అంటుంది, కాలు ఇంకా సిద్ధంగా ఉండదు. కొత్తవాళ్లకన్నా ఒకప్పుడు పరిగెత్తినవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువని నా నమ్మకం. మనకు పాత వేగం గుర్తుంటుంది మరి.

తిరిగి రావడం అసాధ్యమని కాదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పీటీ ఉషకు కాంస్యం చేజారిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాతి కథను మనం తక్కువగా చెప్పుకుంటాం. 1990 బీజింగ్ ఆసియా క్రీడల తర్వాత ఆమె ట్రాక్ వదిలారు. 1991లో పెళ్లి, ఆ తర్వాత బాబు. మళ్లీ వచ్చి, 1998లో జపాన్‌లోని ఫుకువోకాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 200, 400 మీటర్లు రెండింటిలోనూ కాంస్యం గెలిచారు. అప్పటికి ఆమె వయసు 34. నా దృష్టిలో అది ఆమె గెలిచిన పెద్ద పతకాలకు ఏమాత్రం తీసిపోదు. అమెరికాలో జార్జ్ షీహన్ అనే గుండె డాక్టరు కాలేజీలో మంచి రన్నరు. చదువు, ప్రాక్టీసు, సంసారంతో పరుగు మానేసి, 45 ఏళ్లకు మళ్లీ మొదలుపెట్టారు. 50 ఏళ్ల వయసులో మైలు దూరాన్ని 4 నిమిషాల 47 సెకన్లలో పూర్తిచేశారు. మొదలుపెట్టిన ఏడాది కాదు, అయిదేళ్ల తర్వాత.

కాలు నయమయ్యాక నేను మొదటి పాఠం నుంచే మొదలుపెట్టాను. అయిదు నిమిషాలు చురుకైన నడక. తర్వాత ఓ నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా 20 నిమిషాలు. వారానికి మూడు రోజులే. 1996లో జోష్ క్లార్క్ అనే ఆయన కొత్తగా పరిగెత్తేవాళ్ల కోసం తయారుచేసిన తొమ్మిది వారాల ప్రణాళికలో మొదటి వారం ఇదే. పరిగెత్తుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. తొమ్మిది వారాల పనికి నేను పద్దెనిమిది తీసుకున్నాను. బీపీ, షుగర్ ఉన్నవాళ్లూ, గుండెల్లో ఎప్పుడైనా నొప్పి వచ్చినవాళ్లూ ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

ఇంకో మాట. ఎముకకు కావలసింది టైమే, ఇంట్లో ఆడవాళ్లకు దొరకనిదీ అదే. పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర దాకా పాలు కాగాలి, టిఫిన్ కావాలి, పిల్లల బాక్సులు కట్టాలి. నాతో పాటు ఆ రోజుల్లో పరిగెత్తిన నలుగురిలో ముగ్గురు మళ్లీ షూ కట్టలేదు. మోకాళ్లు అడ్డం కాదు వాళ్లకు, ఆ గంటే అడ్డం. మా ఇంట్లో ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు మా ఆయన దోసెలు పోస్తారు, మా అత్తయ్య బాక్సులు సర్దుతారు. అందుకే నేను రోడ్డు మీద ఉన్నాను.

మీ ఇంట్లో ఒకప్పుడు పరిగెత్తిన అమ్మాయి ఉందేమో అడగండి. ఉంటే, వారానికి మూడు పొద్దులు పొయ్యి దగ్గర మీరు నిలబడండి.