జాబ్ మానేసి కాంట్రాక్టర్ అవ్వాలనుకుంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి

గడ్డిఅన్నారంలో మా రూమ్ నుంచే మాట్లాడుతున్నా, మధ్యలో హారన్లు వినపడితే ఏమనుకోకండి. ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, జాబ్‌లో 60 వేలు వస్తోంది. కాంట్రాక్ట్‌కి 80 వేలు ఇస్తామంటున్నారు. మానేయొచ్చా?"

మానేయొచ్చు. కానీ ఆ 80 వేలు జీతం కాదు, అది షాపు గల్లాలో పడే డబ్బు. అందులోంచే ఖర్చులన్నీ పోవాలి. పీఎఫ్‌లో కంపెనీ వాటా ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. హెల్త్ ఇన్సూరెన్స్ మీరే కట్టుకోవాలి. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజులకి డబ్బు రాదు. ప్రొఫెషనల్ ఫీజు కింద 10 శాతం టీడీఎస్ కట్ చేస్తే చేతికొచ్చేది 72 వేలే. ఎక్కువ కట్ అయితే రిటర్న్ ఫైల్ చేశాక వెనక్కి వస్తుంది, కానీ ఈ నెల రెంట్‌కి అది పనికిరాదు కదా.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తా. మొదటి కాంట్రాక్ట్, తెలిసినవాళ్లే కదా అని ఫోన్‌లో మాట్లాడుకుని పని మొదలుపెట్టేశా. రెండు నెలల పనికి 1,20,000 బిల్లు. "వచ్చే వారం" అంటూ ఐదు నెలలు తిప్పారు. చివరికి వచ్చింది 70 వేలు. ఆ ఐదు నెలల్లో రెంట్ కట్టడానికి మా అమ్మ చిట్టీని నష్టానికి పాడి డబ్బు తెచ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

అప్పుడు నాకు తెలియని విషయం ఒకటుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, మనలాంటి వాళ్లు కూడా చేసుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందే చేసుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందం రాసుకుంటే ఎన్ని రోజులని రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టొచ్చు. అయితే ఇది మన దేశంలోని క్లయింట్లకే, విదేశీ క్లయింట్ ఎగ్గొడితే ఇది ఆదుకోదు. అందుకే అడ్వాన్స్ తీసుకోండి, పనిని ముక్కలు చేసి ముక్కముక్కకీ బిల్లు వేయండి.

ట్యాక్స్ సంగతి కూడా. ఐటీ ప్రొఫెషనల్‌గా ప్రిజంప్టివ్ ట్యాక్స్ పద్ధతిలో వచ్చిన ఫీజులో సగాన్ని లాభంగా చూపించొచ్చు, ఏడాదికి 50 లక్షల వరకు, నగదు వసూళ్లు 5 శాతం దాటకపోతే 75 లక్షల వరకు. 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మీ కేసుకి ఏది వర్తిస్తుందో ఒకసారి సీఏని అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇంకో రిస్క్, ఒకే క్లయింట్. మా పండ్ల మార్కెట్ గుర్తుందా? 2021లో బాటసింగారానికి మార్చారు. దాన్నే నమ్ముకున్న హమాలీలు, చుట్టుపక్కల టీ బండ్లవాళ్లు తప్పు చేయలేదు, పని మానలేదు. అయినా వాళ్ల గిరాకీ ఊరవతలికి వెళ్లిపోయింది. మీ క్లయింటూ అంతే, ఒక మెయిల్‌తో వెళ్లిపోవచ్చు.

కాబట్టి ఆరు నెలల ఖర్చు బ్యాంకులో, రాసుకున్న అగ్రిమెంట్ చేతిలో, రెండో క్లయింట్ వెతుకులాటలో. ఈ మూడూ ఉంటే ధైర్యంగా రిజైన్ చేయండి. లేకపోతే ఇంకొన్నాళ్లు ఆ 60 వేలే మంచివి.