ఇండెక్స్ ఉన్నా క్వెరీ ఎందుకు ఆలస్యమవుతుంది?

ఒక పరీక్షా ఫలితాల టేబుల్‌లో 10 లక్షల వరుసలు ఉన్నాయనుకుందాం. ఒక్కో వరుస సుమారు 100 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దత్తాంశాన్ని డిస్కు నుంచి 8 కిలోబైట్ల పేజీలుగా చదువుతుంది. పేజీకి 80 వరుసల చొప్పున లెక్కవేస్తే ఈ టేబుల్ 12,500 పేజీలు. ఇండెక్స్ లేకపోతే ఒక్క హాల్‌టికెట్ నంబరు కోసం ఇవన్నీ తిరగేయాలి. ఇండెక్స్ ఉంటే నాలుగైదు పేజీలు చాలు. బేయర్, మెక్‌క్రైట్ 1972లో ప్రచురించిన బి-ట్రీ నిర్మాణంలో ఒక్కో కణుపు నుంచి వందల శాఖలు చీలుతాయి కాబట్టి మూడు అంతస్తుల్లోనే లక్షల విలువలు ఇమిడిపోతాయి. ఫలితాలు వెలువడిన రోజున వేలమంది ఒకేసారి నంబరు టైపు చేసినప్పుడు సర్వరు నిలుస్తుందా, కూలుతుందా అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

అయితే విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న వేరు. “ఇండెక్స్ పెట్టాం, అయినా వేగం పెరగలేదు, ఎందుకని?” సాధారణంగా లోపం ఇండెక్స్‌లో ఉండదు, వేర్ షరతు రాసిన తీరులో ఉంటుంది.

పరీక్ష తేదీ కాలమ్‌పై ఇండెక్స్ ఉంది. షరతులో ఇయర్ ఫంక్షన్ వాడి, దాని ఫలితం 2023కు సమానం అని రాశారు. ఇండెక్స్‌లో వరుసగా పేర్చి ఉన్నవి తేదీలు, ఫంక్షన్ ఇచ్చే ఫలితాలు కావు. అందువల్ల ప్రతి వరుసకూ ఫంక్షన్‌ను లెక్కించాల్సి వస్తుంది. దీనికి బదులు తేదీ 2023 జనవరి 1 లేదా ఆ తరువాతది, 2024 జనవరి 1 కంటే ముందుది అని రాయండి. కాలమ్‌ను ముట్టుకోకుండా వదిలితే ఇండెక్స్ పనిచేస్తుంది.

రకాల పొంతన కుదరకపోవడం మరో కారణం. మైఎస్‌క్యూఎల్‌లో హాల్‌టికెట్ నంబరును అక్షరమాలగా దాచి, క్వెరీలో కొటేషన్ గుర్తులు లేకుండా అంకెగా రాస్తే, 123, 0123, 00123 మూడూ ఒకే సంఖ్య అవుతాయి. ఇండెక్స్‌లో అవి మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి కనుక అది ఉపయోగపడదు. రెండు గుర్తులు చేర్చడమే పరిష్కారం.

మన పేర్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తుంది. రెండింటినీ ఒకే కాలమ్‌లో దాచి, ‘వెంకటేశ్వరరావు’ను వెతకాలంటే లైక్ షరతులో శాతం గుర్తును ముందు పెట్టక తప్పదు. నిఘంటువులో ‘కారుడు’తో ముగిసే పదాలన్నీ ఏరమన్నట్లే ఇది. అకారాది క్రమం ఎంత చక్కగా ఉన్నా ప్రతి పుటా తిప్పాలి. ఇంటిపేరుకు ఒక కాలమ్, పేరుకు ఒక కాలమ్ కేటాయించి రెండోదానిపై ఇండెక్స్ పెట్టండి. ఈ నిర్ణయం టేబుల్ రూపకల్పన దశలోనే జరగాలి. లక్షల పేర్లు చేరాక వాటిని విడదీయడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

ఇక అప్‌డేట్. ఇండెక్స్ మేలు చేస్తుంది కదా అని ప్రతి కాలమ్‌కూ పెట్టకూడదు. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఆ ఇండెక్స్‌లన్నింటిలోనూ నమోదు జరగాలి. లక్షమందికి గ్రేస్ మార్కులు కలపాలంటే చాలామంది ప్రోగ్రాంలో లూప్ రాసి లక్ష అప్‌డేట్‌లు పంపుతారు. ఆటోకమిట్ ఉన్నప్పుడు ప్రతి కమిట్‌కూ లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగాలి. కాలమంతా అక్కడే పోతుంది. ఒకే అప్‌డేట్ వాక్యంతో ఆ పని పూర్తవుతుంది. కానీ అది ముగిసేవరకు లక్ష వరుసలకూ తాళం పడి, వాటిని మార్చబోయే ఇతరులు నిలిచిపోతారు. టేబుల్ వాడుకలో ఉన్న వేళ 5,000 వరుసల చొప్పున విడతలుగా చేసి, విడతకొకసారి కమిట్ చేయడం మధ్యేమార్గం. ఎంతవరకు పూర్తయిందో గుర్తుంచుకునే ఏర్పాటు ఉండాలి, లేకపోతే మధ్యలో ఆగినప్పుడు కొందరికి మార్కులు రెండుసార్లు కలుస్తాయి.

ఊహించడం కంటే క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ చేర్చి చూడటం మంచిది. మైఎస్‌క్యూఎల్‌లో టైప్ అనే గడిలో ‘ఆల్’ అని, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ‘సీక్ స్కాన్’ అని కనిపిస్తే టేబుల్ మొత్తం చదువుతోందని అర్థం. చిన్న టేబుల్‌కైతే అదే సరైన పద్ధతి, కంగారు పడనక్కరలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది. అప్‌డేట్‌కు దాన్ని వాడేటప్పుడు ముందు బిగిన్, చివర రోల్‌బ్యాక్ ఉంచండి.