ముప్పైనాలుగు నిమిషాల లెక్క

పిల్లలూ! అనంతపురంలో మా పక్కింట ఒక ఆరో తరగతి కుర్రవాడున్నాడు. లెక్కల్లో గట్టివాడు. వాళ్ళ చిన్నాయనకు హైదరాబాదులో మర్నాడు పదింటికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉన్నదని తెలియగానే అట్లాసు చంకన పెట్టుకుని వచ్చాడు.

"అయ్యవారూ! చిన్నాయన రాత్రంతా బస్సులో కూర్చోవటం ఎందుకు? బెంగుళూరులో విమానమెక్కితే ముప్పైనాలుగు నిమిషాల్లో దిగుతాడు గదా!" అన్నాడు.

బెంగుళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి నుంచి శంషాబాదుకు పటం మీద దారం లాగిపట్టి కొలిచాడు. సుమారు 455 కిలోమీటర్లు. జెట్ విమానం వేగం అందుకున్నాక గంటకు 800 కిలోమీటర్లు పోతుంది. భాగహారంలో తప్పు లేదు. ఆ దారం పుట్టపర్తి పక్కనుంచి పోయి, తాడిపత్రి మీదుగా సాగటం చూసి ఇద్దరమూ సంతోషించాం.

"మరి టిక్కెట్టు మీద గంటా పావు అని ఎందుకు వేస్తారు?" అన్నాను. వాడు తెల్లబోయాడు.

హైదరాబాదు ఉత్తరాన ఉన్నది. కాని దేవనహళ్ళిలో విమానం పరుగెత్తే రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. శంషాబాదులోనూ అంతే. గాలిపటం ఎగరెయ్యటానికి మీరు గాలికి ఎదురు పరుగెత్తరూ? విమానమూ గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. మన పీఠభూమి మీద నైరుతి ఋతుపవనం రోజుల్లో గాలి పడమటి నుంచి కొడుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేది అదే. (మనకు వాన తేవటం మాత్రం దానికి అంతగా చేతకాదు!) చలికాలంలో తూర్పుగాలి. అందుచేత విమానం ముందు తూర్పుకో పడమటికో లేచి, తరవాత ఉత్తరానికి మళ్ళాలి. దిగేటప్పుడూ చుట్టు తిరగాలి. 10,000 అడుగుల ఎత్తు లోపల సాధారణంగా గంటకు 460 కిలోమీటర్లు మించి పోనివ్వరు. రన్‌వే దాకా నేల మీద మెల్లగా పోవటం, వంతు కోసం నిలబడటం కూడా ప్రయాణంలో లెక్కే. నిండు వేగం ఉండేది నడుమ కాసేపే.

"ఇప్పుడు ఇంటి నుంచి లెక్క కట్టు," అన్నాను.

అనంతపురం నుంచి దేవనహళ్ళి సుమారు 180 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. విమానం కంటే రెండు గంటల ముందు చేరాలి. పైన గంటా పావు. శంషాబాదు నుంచి ఊళ్ళోకి ఒక గంట. మొత్తం ఏడుంబావు! హైదరాబాదు బస్సుకు 360 కిలోమీటర్లు, ఆరేడు గంటలు.

"ఉత్తరానికి పోవటానికి ముందు దక్షిణానికి పోవాలా!" అని వాడు నవ్వాడు.

చిన్నాయన రాత్రి పదింటి బస్సెక్కి, తెల్లవారేలోగా హైదరాబాదులో దిగాడు.

మర్నాడు సాయంత్రం వాడు మళ్ళీ దారంతో ప్రత్యక్షం. "అయ్యవారూ, ఢిల్లీకి కొలిచాను! బెంగుళూరు నుంచి 1,700 కిలోమీటర్లు, విమానానికి రెండుముప్పావు గంటలు. సగటున గంటకు 600 పైనే పడుతున్నది. హైదరాబాదుకు 364 మాత్రమే. దూరం పెరిగితే నడుమ నిండు వేగంతో పోయే దారి పెరుగుతుంది గదా? మన ఊరి నుంచి ఢిల్లీకి రైల్లోనైతే ఒక రోజు దాటుతుంది. ఈసారి విమానమే గెలిచింది!"