సృజనాత్మక రచనా కార్యశాల

కథ, కవిత, నాటిక మొదలగు ప్రక్రియలలో రచన చేయదలచినవారు ఒకచోట కూడి, తాము రాసినదానిని చదివి వినిపించి, ఇతరుల అభిప్రాయాలను విని, తిరిగి రాసే అభ్యాస శిబిరాన్ని సృజనాత్మక రచనా కార్యశాల అంటారు. వాడుకలో దీనిని కథల వర్క్‌షాప్, రచనా శిబిరం అని కూడా వ్యవహరిస్తారు. ఉపన్యాసం వినడం కంటె రాయడం, దిద్దుకోవడం ఇందులో ప్రధానం.

నేపథ్యం

రచన నేర్పితే వచ్చేదా అన్నది పాత ప్రశ్నే. 11వ శతాబ్దపు ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ కలిసి కారణమని చెప్పాడు. ఇందులో అభ్యాసమంటే కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసే సాధన. ఆధునిక కాలంలో విశ్వవిద్యాలయ స్థాయిలో ప్రసిద్ధి పొందిన కార్యశాల అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో ప్రారంభమైనది.

విశాఖపట్నంలో

విశాఖపట్నంలో ఈ శిక్షణ చాలాకాలం తరగతి గదులలో కాక, రచయితల స్నేహాల ద్వారా సాగింది. ఇందుకు ముఖ్య ఉదాహరణ కాళీపట్నం రామారావు (1924 - 2021). "కారా మాస్టారు"గా ప్రసిద్ధులైన ఈయన నగరంలోని సెయింట్ ఆంథోనీ ఉన్నత పాఠశాలలో 1948 నుండి 1979 వరకు ఉపాధ్యాయునిగా పనిచేశారు. కొన్నేళ్ళపాటు కథలు రాయడం ఆపి, ఆ తరువాత 1960లలో "యజ్ఞం" రాశారు. ఎందరో కొత్త రచయితల కథలను ఓపికగా చదివి సలహాలిచ్చారు. కొత్తగా రాసేవారిని ఉద్దేశించిన ఆయన వ్యాసాలు "కథాకథనం" పేరుతో వెలువడ్డాయి. 1997లో శ్రీకాకుళంలో ఆయన నెలకొల్పిన "కథానిలయం" తెలుగు కథలను ఒకచోట చేర్చి, మంచి కథలు చదివి నేర్చుకోగోరే వారికి ఆధారంగా నిలిచింది.

వయస్సును బట్టి బోధన

చిన్న పిల్లలకు ముందు నోటితో కథ చెప్పించి, తరువాత రాయించడం మేలు. అక్షర దోషాలను మొదటే ఎర్ర సిరాతో దిద్దితే కథ అక్కడే ఆగిపోతుంది. ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులకు పరిశీలన అవసరం. "సముద్రం అందంగా ఉంది" అని రాసిన విద్యార్థిని చేపల రేవులో వేకువజామున ఏమేమి వినిపిస్తాయో రాయమంటే అతని వాక్యం మారుతుంది. పెద్దవారికి అనుభవం పుష్కలంగా ఉంటుంది, కాని ఏది వదలివేయాలో తెలియదు. ఓడరేవులో పనిచేసిన కళాసీ గాని, ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన గ్రామస్థుడు గాని తన జీవితమంతా కాక ఒక్క రోజును రాయడంతో మొదలుపెట్టడం సులభం.

భాష సమస్య

ఉత్తరాంధ్ర విద్యార్థులు ఎదుర్కొనే ముఖ్యమైన చిక్కు మాండలికం. ఇంట్లో మాట్లాడే మాట తప్పని బడిలో విన్న పిల్లలు, కథలోని జాలరి చేత కూడా పాఠ్యపుస్తకపు తెలుగు మాట్లాడిస్తారు. పాత్ర జీవం కోల్పోతుంది. తమవారి మాట కాగితానికి తగదన్న భావం పిల్లల్లో స్థిరపడుతుంది. ఈ నగరంలోనే న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922 - 1993) కోర్టుల చుట్టూ తిరిగే పేదల పలుకుబడిని తన కథలలో నిలిపారు. "ఆరు సారా కథలు" ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇటువంటి కథను బిగ్గరగా చదివించడం విద్యార్థుల బెరుకును పోగొట్టడానికి ఉపకరిస్తుంది.

నిర్వహణ, పరిమితులు

సాధారణంగా ఒక బృందంలో పది, పదిహేనుమందికి మించకుండా ఉంటే అందరి రచనలూ చదవడానికి వీలవుతుంది. చదువుతున్నప్పుడు రచయిత మధ్యలో సంజాయిషీ చెప్పుకోరాదు. పాఠకునికి అతడు తోడు రాడు కదా. వినేవారు "బాగుంది", "బాగులేదు" అని సరిపెట్టక, ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ ఆసక్తి తగ్గిందో చెప్పాలి.

శిక్షకుని అభిరుచికి లోబడి అందరూ ఒకే మూసలో రాసే ప్రమాదం ఉన్నదని విమర్శకులు అంటారు. రెండు మూడు రోజుల శిబిరం ఎవరినీ రచయితగా తయారు చేయలేదు. అయితే తన రచనను ఇతరుల కళ్ళతో చదివి తిరిగి రాసే అలవాటును అది కలిగించగలదు. ఆ తరువాతి సాధన ఎవరికి వారు చేసుకోవలసినదే.