పెద్దమనిషైతే ఆట బందెందుకు?

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024ల కోబెల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికి ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది. బుద్ధి ఎదుగుదల తక్కువున్నోళ్ల పోటీ అది. చిన్నప్పుడు ఊర్ల వెక్కిరించిన్రు. బడిల పీఈటీ సారు గుర్తువట్టవట్టి ఆ ఉరుకుడు ఆగలే.

మరి మిగిలిన ఆడపిల్లలు? నేను ఊర్లు తిరిగినప్పుడు సూస్త, పొద్దుమీకి గ్రౌండ్ నిండ పోరగాళ్లే.

పసిపిల్ల నడకకు మనకు మస్తు ఆత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 8 నెలలు దాటంగనే నడిచెటోళ్లున్నరు, 17 నెలలకు నడిచెటోళ్లున్నరు, అందరు మంచిగున్నోళ్లే. 18 దాటినా నడవకుంటే డాక్టరుకు సూపియ్యాలె. గంత ఆత్రపడ్డోళ్లే పిల్ల పెద్దమనిషి కాంగనే ఉరకొద్దంటరు.

బొక్కల్ల కాల్షియం జోరుగ నిండేది ఆ ఏండ్లల్లనే. దుంకితే, ఉరికితే బొక్క మీద బరువు పడ్తది, పడ్డకొద్ది గట్టిపడ్తది. 20 ఏండ్లకు ఆ దాపుడు చానమట్టుకు అయిపోతది. ముట్లు ఆగినంక అండ్లకెల్లే కరుసు. అవ్వ వాకిట్ల జారంగనే తుంటి ఇరిగిందంటే ఇది గూడ ఒక కారణమే.

"పత్తి ఏరుతది, నీళ్లు మోస్తది, సాలదా?" అంటరు. పనితోని బలమొస్తది, నిజమే. గని బంతి అందుకునుడు, ఉరుక్కుంట మర్లుడు, పడకుంట ఆపుకునుడు ఆటలనే వస్తయ్.

తమ్మీ, మీ బడి గ్రౌండ్‌ల రోజు ఒక గంట క్రికెట్ ఆపి, చెల్లెండ్ల కబడ్డీకి ఇడిసిపెట్టుండ్రి.