పరభాష నాకు వస్తుందా?



అండమాన్ దీవుల్లో కళాశాలకు వెళ్ళే ఒక తెలుగు విద్యార్థిని ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. ఇందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో బెంగాలీ మాట్లాడేవారు సుమారు 28 శాతం, తెలుగువారు సుమారు 13 శాతం. అందరినీ కలిపే భాష హిందీ. అయినా ఫ్రెంచి నేర్చుకొమ్మంటే ఆ విద్యార్థే "నాకు భాషలు రావండీ!" అంటాడు. మూడు భాషలు మాట్లాడే నోటి నుండి ఈ మాట ఎందుకు వస్తుంది?

నేర్చుకోక ముందే మనలో పాతుకుపోయిన నమ్మకాలే ఇందుకు కారణం. అమెరికాలో ఎలేన్ హార్విట్జ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల నమ్మకాలను ఒక ప్రశ్నావళితో పరిశీలించి 1988లో ఫలితాలు ప్రకటించారు. భాష కొందరికే పుట్టుకతో వచ్చే వరమనీ, రోజుకొక గంట చదివితే రెండేళ్ళలో ధారాళంగా వచ్చేస్తుందనీ చాలామంది భావించారు. మొదటి నమ్మకం ప్రయత్నాన్నే ఆపుతుంది. రెండవది గడువు దాటగానే నిరాశ కలిగిస్తుంది.

"పిల్లలకే భాష త్వరగా వస్తుంది" అన్నది మరో నమ్మకం. నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషువారిపై జరిగిన పరిశోధన 1978లో వెలువడింది. మొదటి నెలల్లో చిన్నపిల్లల కంటే కౌమార వయస్కులు, పెద్దలే ముందున్నారు! పిల్లలు వారిని అందుకున్నది తరువాతే.

ఇక ప్రేరణ. కెనడా శాస్త్రవేత్తలు గార్డ్‌నర్, లాంబర్ట్ దీనిని రెండు విధాలుగా చూశారు. ఉద్యోగం కోసం, మార్కుల కోసం నేర్చుకోవడం సాధనాత్మక ప్రేరణ. ఆ భాష మాట్లాడేవారికి దగ్గర కావాలని నేర్చుకోవడం సమైక్య ప్రేరణ. రెండూ పనికివచ్చేవే. అయితే పరీక్ష కోసమే చదివితే, పరీక్షతో పాటు ప్రేరణ కూడా ముగిసిపోవచ్చు. మనుషులతో ముడిపడిన ప్రేరణకు అటువంటి గడువు ఉండదు.

ఇదే అండమాన్‌లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు ఉండేవారు. ఆమె 'బో' భాష మాట్లాడిన చివరి వ్యక్తి. తన భాషలో బదులు పలికేవారు లేక, ఇతరులతో మాట్లాడేందుకు ఆమె అండమానీ హిందీ నేర్చుకున్నారు. 2010 జనవరిలో ఆమె మరణంతో బో భాష మూగబోయింది. మాట్లాడే తోడు ఉంటేనే భాష నిలుస్తుంది. నేర్చుకోవడానికీ ఆ తోడే కావాలి.

కనుక ఒక ప్రయోగం చేయండి. భాషల గురించి మీకున్న మూడు నమ్మకాలను కాగితంపై రాయండి. వాటిని పరికల్పనలుగా మాత్రమే భావించండి. ఒక కొత్త భాష, మాట్లాడేందుకు ఒక తోడు, మూడు నెలల సాధన. ఆ తరువాత కాగితం తీసి చూడండి. ఏ నమ్మకం నిలిచిందో, ఏది కొట్టివేయాలో మీకే తెలుస్తుంది.